టీమ్ వైటాలిటీ నిజంగా ఫ్రెంచ్ జట్టేనా? దాని చరిత్ర తెలియజేస్తూ ఒక సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది: మీరు కౌంటర్-స్ట్రైక్ 2 (ఐదుగురేసి ఆటగాళ్ల రెండు జట్లు తుపాకులతో తలపడే వీడియో గేమ్) చూడటం ఈమధ్యే మొదలుపెట్టారు. టీమ్ వైటాలిటీ ఆట మీకు నచ్చింది. అందరూ దాన్ని ఫ్రెంచ్ జట్టు అంటున్నా, ఐదుగురిలో ఇద్దరే ఫ్రాన్స్ వారు. అలాంటప్పుడు అది ఫ్రెంచ్ జట్టు ఎలా అయింది, ఎక్కడ మొదలై ఇంత ఎత్తుకు వచ్చింది, మిగతా ఫ్రెంచ్ జట్లతో పోలిస్తే ఎలాంటిది అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, అది ఫ్రెంచ్ జట్టే. 2013 ఆగస్టులో ఇద్దరు ఫ్రెంచ్ వ్యక్తులు, ఫాబియాన్ దవీద్ (ఆటలో ఆయన పేరు నియో), నికొలా మోరెర్, దాన్ని స్థాపించారు. దాని కార్యాలయం పారిస్‌లో ఉంది, దాని అభిమానుల్లో ఎక్కువ మంది ఫ్రెంచ్ వారు. మీరు చూసే కౌంటర్-స్ట్రైక్ జట్టుకు నాయకుడైన అపెక్స్, మూలస్తంభమైన జైవూ ఇద్దరూ ఫ్రెంచ్ వారే. అయితే 2022 జనవరి నుంచి ఆ జట్టు ఆడేటప్పుడు మాట్లాడుకునే భాష ఫ్రెంచ్ కాదు, ఇంగ్లీషు. ఆ నిర్ణయం అప్పట్లో ఇక్కడ ఫ్రాన్స్‌లో చాలామందిని బాధపెట్టింది, వారిలో నేనూ ఉన్నాను. ఆ నిర్ణయం తీసుకోకపోతే ఈరోజు మీరు ఈ ప్రశ్న అడిగేవారు కారని కూడా నా నమ్మకం.

నా గురించి రెండు మాటలు చెబితే ఈ సమాధానాన్ని ఎంతవరకు నమ్మాలో మీకు తెలుస్తుంది. మాది తెనాలి. 2014 నుంచి పారిస్ శివార్లలో ఉద్యోగం చేస్తున్నాను. 2017 నుంచి సాయంత్రాలు, వారాంతాలు అమెచ్యూర్ కౌంటర్-స్ట్రైక్ జట్లకు శిక్షణ ఇస్తూ గడుపుతున్నాను. వైటాలిటీతో నాకు ఏ సంబంధమూ లేదు. ఆ జట్టు ఆడిన మ్యాచ్‌ల రికార్డింగులను మా కుర్రాళ్లకు రౌండు రౌండుగా ఆపి చూపించడం మాత్రం నాకు ఏళ్ల తరబడి అలవాటు.

మొదలైంది కౌంటర్-స్ట్రైక్‌తో కాదు. కొత్త ప్రేక్షకులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వైటాలిటీ పుట్టింది కాల్ ఆఫ్ డ్యూటీ జట్టుగా. కన్సోల్ మీద ఆడే ఆ ఆటకు ఫ్రాన్స్‌లో అప్పటికే మంచి ఆదరణ ఉండేది. గొటాగా వంటి ఆటగాళ్లకు యూట్యూబ్‌లో సొంత ప్రేక్షకులు ఉండేవారు. మైదానంలో సాధించిన విజయాలతో పాటు తెర ముందు మాట్లాడగలిగే మనుషులు కూడా తొలినాళ్లలో జట్టుకు పేరు తెచ్చారు. టీవీ ప్రసార హక్కుల ఆదాయం లేని ఈ రంగంలో క్లబ్బు బతకాలంటే అభిమానులు క్లబ్బుకే నేరుగా కట్టుబడి ఉండాలన్న సంగతి స్థాపకులకు మొదటి నుంచే తెలుసని నాకు అనిపిస్తుంది. పసుపు, నలుపు రంగులు, తేనెటీగ గుర్తు, అభిమానులను తేనెపట్టుతో పోల్చడం, ఇవన్నీ ఆ ఆలోచనలోంచి వచ్చినవే.

తర్వాత 2015 డిసెంబరులో గాంబిట్ జట్టుకు లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే మరో వీడియో గేమ్ యూరప్ లీగ్‌లో ఉన్న స్థానాన్ని వైటాలిటీ కొనుక్కుంది. దాంతో ఫ్రాన్స్ హద్దులు దాటి యూరప్ అంతటికీ కనిపించే వేదిక దొరికింది. 2016 వసంత సీజన్ లీగ్ దశలోనే మూడో స్థానం సాధించింది. 2018లో యూరప్ నుంచి ప్రపంచ పోటీలకు వెళ్లి, అంతకు ముందు ఏడాది ప్రపంచ విజేతగా నిలిచిన కొరియా జట్టును (పేరు మారి అప్పటికి జెన్.జి అయింది) గ్రూపు దశలో ఓడించింది. గ్రూపు దాటలేకపోయినా, జిజుకే, కబొషార్ వంటి ఆటగాళ్లతో ఆ జట్టు వేసిన దూకుడు ఎత్తులను ఇక్కడి పాత అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు.

ఆ ఆటలో వైటాలిటీ కథ అంతకు మించి వెలగలేదు. 2022లో ఆల్ఫారి, పెర్క్స్, కార్జీ వంటి పెద్ద పేర్లన్నిటినీ ఒకచోట చేర్చి ఖరీదైన జట్టును కట్టారు. అది ఆ ఏడాది ప్రపంచ పోటీలకు అర్హత కూడా సాధించలేదు. వైటాలిటీ డబ్బుతో గెలిచిందని ఎవరైనా వాదిస్తే నేను వెంటనే ఈ ఉదాహరణే చూపిస్తాను.

అయితే డబ్బు వచ్చిన మాట వాస్తవమే, దాన్ని దాచిపెట్టడం సరికాదు. 2018 నవంబరులో రివైర్డ్ అనే సంస్థ ద్వారా 2 కోట్ల యూరోల పెట్టుబడి వచ్చింది. దాని వెనక ఉన్నది భారత్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన పెట్టుబడిదారు తేజ్ కోహ్లీ. ఆ తర్వాత కొన్నేళ్లకు వైటాలిటీ భారత్‌లో మొబైల్ ఆటల జట్టును ఏర్పాటు చేసిన సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చు. అదే కాలంలో అడిడాస్, రెనో కంపెనీలు భాగస్వాములయ్యాయి. 2019 నవంబరులో పారిస్ నడిబొడ్డున వి.హైవ్ పేరుతో కార్యాలయం, శిక్షణ గదులు, అభిమానులు వచ్చి కూర్చునే చోటు, అన్నీ కలిసిన భవనం తెరిచారు.

చట్టం సంగతి చెప్పకుండా ఫ్రెంచ్ జట్ల చరిత్ర అర్థం కాదు. బయటివారు దీన్ని పెద్దగా పట్టించుకోరు గాని, నా దృష్టిలో ఇది ముఖ్యమైన విషయం. 2016 అక్టోబరు 7 నాటి డిజిటల్ గణతంత్ర చట్టంలో ఈ-స్పోర్ట్స్ కోసం రెండు నిబంధనలు చేర్చారు. అంతకు ముందు నగదు బహుమతులతో జరిగే వీడియో గేమ్ పోటీలు పాత లాటరీ చట్టాల నీడలో, చట్టబద్ధమో కాదో తేలని స్థితిలో ఉండేవి. కొత్త చట్టం ఆ పోటీలను గుర్తించింది. ప్రభుత్వ అనుమతి పొందిన క్లబ్బులు ఆటగాళ్లను ఉద్యోగులుగా, నిర్ణీత కాల ఒప్పందం మీద పెట్టుకునే వీలు కల్పించింది. ఆ ఒప్పందం మామూలుగా 12 నెలలకు తగ్గకూడదు, 5 ఏళ్లు దాటకూడదు. మైనర్ల విషయంలో తల్లిదండ్రుల సమ్మతికి, బహుమతి సొమ్ము భద్రతకు సంబంధించిన షరతులు కూడా వచ్చాయి.

దీని విలువ నాకు అనుభవం మీద తెలిసింది. నేను మొదట శిక్షణ ఇచ్చిన చిన్న క్లబ్బులో (పేరు చెప్పను) ఆటగాళ్లకు ఒప్పందం అంటూ ఉన్నది ఈమెయిలులో పంపిన అర పేజీ కాగితం. ఒక టోర్నీలో గెలిచిన బహుమతి సొమ్ములో వాటా కోసం మా కుర్రాళ్లు ఎనిమిది నెలలు తిరిగారు, చివరికి సగమే వచ్చింది. వారిలో ఒకరి తల్లి మా శిక్షణ గదికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "ఇది ఉద్యోగమా, ఆటా? ఏదో ఒకటి చెప్పండి" అని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది. పెద్ద క్లబ్బులు ఆ ప్రశ్నకు జీతం చీటీతో జవాబు చెప్పగలిగే స్థితికి రావడంలో ఆ చట్టానికి వాటా ఉంది.

ఇక కౌంటర్-స్ట్రైక్. మీ ప్రశ్నకు అసలైన జవాబు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఫ్రాన్స్‌కు ఈ ఆటలో పాత వారసత్వం ఉంది. 2014 శీతాకాలంలో ఎల్‌డీఎల్‌సీ అనే ఫ్రెంచ్ జట్టు డ్రీమ్‌హ్యాక్ వింటర్ మేజర్ గెలిచింది (మేజర్ అంటే ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద స్థాయి టోర్నీ). 2015 నవంబరులో రొమేనియాలోని క్లుజ్-నపోకాలో జరిగిన మేజర్‌ను ఎన్వీయస్ జట్టు గెలిచింది. ఆ ఎన్వీయస్ ఐదుగురూ ఫ్రెంచ్ వారే: హ్యాపీ, ఎన్‌బీకే, కెన్నీఎస్, కియోషిమా, అపెక్స్. ఆ చివరి పేరును గుర్తుంచుకోండి.

ఆ తర్వాత ఫ్రెంచ్ అభిమానులకు ఏడున్నరేళ్ల ఎదురుచూపు మిగిలింది. అదే పదిమంది ఆటగాళ్లు రెండు మూడు జట్ల మధ్య అటూ ఇటూ మారుతూ ఉండేవారు. ప్రతి ఆరు నెలలకూ ఒక కొత్త కలయిక, ఈసారి కుదురుతుందన్న ఆశ, కొన్నాళ్లకు మళ్లీ విడిపోవడం. 2017లో జీ2 పేరుతో ఫ్రాన్స్‌లోని మేటి ఆటగాళ్లంతా ఒకే జట్టులో చేరారు. మాల్మోలో ఒక పెద్ద టోర్నీ గెలిచారు, ప్రో లీగ్ ఐదో సీజన్ గెలిచారు, కానీ మేజర్ మాత్రం అందలేదు. ఎందుకిలా అంటే నాకు తోచిన కారణం ఒకటే. ఫ్రెంచ్ మాత్రమే మాట్లాడే ఉన్నత స్థాయి ఆటగాళ్ల సంఖ్య ఎప్పుడూ తక్కువే. ఒకరితో మరొకరికి పడకపోతే మార్చడానికి బయట ఇంకొకరు దొరకరు. దొరికినా, మూడేళ్ల క్రితం గొడవపడి వెళ్లిన పాత సహచరుడే మళ్లీ దొరుకుతాడు.

వైటాలిటీ 2018 అక్టోబరులో ఈ ఆటలోకి అడుగుపెట్టింది. తొలి ఐదుగురిలో నలుగురు పాతకాపులే: ఎన్‌బీకే, అపెక్స్, ఆర్‌పీకే, హ్యాపీ. ఐదోవాడు మాథ్యూ ఎర్బో, ఆటలో పేరు జైవూ. అప్పటికి అతనికి ఇంకా 18 ఏళ్లు నిండలేదు. అతని ప్రతిభ గురించి అంతకు చాలాముందే ఫ్రాన్స్ అంతా చెప్పుకునేది, పెద్ద జట్లు పిలిచాయి కూడా. అయినా బాకలొరియా, అంటే ఇక్కడి ఇంటర్ స్థాయి పరీక్ష, పూర్తయ్యే వరకు బడి వదలనని అతను చిన్న జట్టులోనే ఉండిపోయాడు. చదువు ముగించుకున్నాకే వైటాలిటీలో చేరాడు. 2019 అతనికి అగ్రశ్రేణి పోటీల్లో తొలి పూర్తి సంవత్సరం. ఆ ఏడాదే కౌంటర్-స్ట్రైక్ వార్తలు, గణాంకాలు ఇచ్చే హెచ్‌ఎల్‌టీవీ సంస్థ అతన్ని ప్రపంచంలో నంబర్ 1 ఆటగాడిగా ప్రకటించింది. 2020లో మళ్లీ అతనే.

మా దగ్గర ఆడే కుర్రాళ్లు చదువు మానేస్తామని ఏడాదికి ఇద్దరైనా అంటారు. నేను ఉపన్యాసం ఇవ్వను. జైవూ అగ్రశ్రేణిలోకి వచ్చిన తేదీ, అతని పరీక్షల తేదీ పక్కపక్కన రాసి చూపిస్తాను. ఒక ఏడాది ఆలస్యం వల్ల అతను పోగొట్టుకున్నది ఏమిటో వాళ్లనే లెక్క వేయమంటాను.

హ్యాపీ స్థానంలో 2018 డిసెంబరులో అలెక్స్ అనే బ్రిటిష్ ఆటగాడు వచ్చాడు. అతనికి ఫ్రెంచ్ బాగా వచ్చు కాబట్టి భాష మారలేదు. 2019లో లండన్‌లో ఈసీఎస్ ఫైనల్స్, డిసెంబరులో మాస్కోలో ఎపిసెంటర్ టోర్నీలు గెలిచారు. ఎన్‌బీకే స్థానంలో షాక్స్ అనే ఆటగాడు వచ్చాడు. 2020 మార్చిలో అలెక్స్ తప్పుకున్నాక, ఆటలో ఎత్తుగడలు వేసే నాయకుడి బాధ్యత అపెక్స్ మీద పడింది. అంతవరకు అపెక్స్ అంటే ముందుగా దూకి తలుపు బద్దలుకొట్టే ఆటగాడు. ఆవేశం ఎక్కువ, గొంతు పెద్దది. ఇతను నాయకుడా అని చాలామంది అనుకున్నారు. ఆ మాట నేనూ అన్నాను, నా అంచనా తప్పయింది.

2022 జనవరి: భాష మారిన రోజు. నాలుగు మేజర్లు గెలిచిన డెన్మార్క్ జట్టు ఆస్ట్రాలిస్ నుంచి డుప్రీ, మాజిస్క్ అనే ఆటగాళ్లు, జోనిక్ అనే కోచ్, ముగ్గురూ వైటాలిటీకి వచ్చారు. ఆ రోజుతో జట్టు భాష ఇంగ్లీషయింది.

ఇది ఎంత పెద్ద మార్పో ఆడనివారికి తెలియకపోవచ్చు, కాబట్టి దగ్గరి నుంచి చూపిస్తాను. ఒక రౌండు 1 నిమిషం 55 సెకన్లు. చివరి 20 సెకన్లలో ముగ్గురు బాంబు పెట్టే స్థలం మీదికి వెళ్తున్నారు. మొదటివాడు మూల తిరగగానే చనిపోయాడు. చనిపోయే ముందు అతనికి కనిపించింది అర సెకను: ఎంతమంది, ఎక్కడ, ఎవరికి ఎంత దెబ్బ తగిలింది. అది మిగతావారికి మూడు మాటల్లో చేరాలి. మాతృభాషలో ఆ మూడు మాటలు ఆలోచించకుండానే నోటికి వస్తాయి. రెండో భాషలో ముందు అరుపు వస్తుంది, తర్వాత మాతృభాషలో ఒక ముక్క, ఆ తర్వాత అనువాదం. అప్పటికి రెండోవాడు కూడా పోయి ఉంటాడు. 2021లో నేను ఇద్దరు ఫ్రెంచ్, ఇద్దరు స్పానిష్, ఒక పోలిష్ కుర్రాడితో ఒక జట్టు నడిపాను. మొదటి రెండు నెలలు మేం చేసిన సాధన అంతా స్థలాల పేర్లు ఒకేలా పిలవడం గురించే. హైదరాబాదులోనో విజయవాడలోనో తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకుంటూ ఆడే మీ స్నేహబృందాల్లో కూడా ఉద్వేగం పెరిగినప్పుడు ఏ భాష బయటికి వస్తుందో ఒకసారి గమనించండి.

కాబట్టి 2022 వైటాలిటీకి కష్టంగానే గడిచింది. ఆ ఏడాది యాంట్వర్ప్, రియో మేజర్లు రెండింటిలోనూ చివరి ఎనిమిది జట్లలోకి చేరలేకపోయింది. "ఫ్రెంచ్ ఆత్మను అమ్మేసుకుని ఏం సాధించారు" అని ఇక్కడి అభిమానులు నిలదీశారు. ఆ సమయంలో క్లబ్బు చేసిన పనినే నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకుంటాను. వెనక్కి తగ్గలేదు, అందరినీ మార్చి మళ్లీ మొదటికి రాలేదు. ఆ వేసవిలో ఒకే ఒక్క మార్పు చేసింది: మిసూటా అనే ఆటగాడి స్థానంలో ఇజ్రాయెల్‌కు చెందిన స్పింక్స్‌ను తెచ్చింది. అక్టోబరు మొదట్లో మాల్టాలో ప్రో లీగ్ పదహారో సీజన్ గెలిచింది. 2023 ఏప్రిల్‌లో రియోలో ఐఈఎం టోర్నీ గెలిచింది. ఆ తర్వాతి నెలలో పారిస్ మేజర్ వచ్చింది.

పారిస్, 2023 మే 21. ఫ్రాన్స్‌లో జరిగిన తొలి కౌంటర్-స్ట్రైక్ మేజర్ అది, కౌంటర్-స్ట్రైక్ 2కు ముందున్న సీఎస్:జీఓ ఆటకు చివరి మేజర్ కూడా అదే. పారిస్‌కు మేజర్ వస్తున్న సంగతిని అంతకు ముందు ఏడాది జూన్‌లో అధ్యక్షుడు మక్రాన్ ఈ రంగం వారిని ఎలిసే భవనానికి పిలిచినప్పుడే ప్రకటించారు. నాకౌట్ పోటీలు ఆకోర్ అరేనాలో జరిగాయి, పాతవారు దాన్ని ఇప్పటికీ బెర్సీ అనే పిలుస్తారు.

ఫైనల్ రోజు నేను అక్కడే, పై అంతస్తులో ఉన్నాను. నా పక్కన పసుపు జెర్సీ వేసుకున్న పదేళ్ల పిల్లవాడు, అతని తండ్రి కూర్చున్నారు. తండ్రికి ఆట తెలియదు. ఈ రౌండులో వీళ్లు తుపాకులు ఎందుకు కొనలేదు అని ఆయన అడిగితే, డబ్బు దాచుకుంటున్నారు నాన్నా, వచ్చే రౌండులో అందరూ ఒకేసారి కొంటారు అని పిల్లవాడు ఓపికగా చెబుతున్నాడు. రెండో మ్యాప్ (ఆట జరిగే స్థలం) సగానికి వచ్చేసరికి తండ్రే లేచి నిలబడి అరుస్తున్నాడు. గేమర్‌లీజియన్ జట్టు మీద వైటాలిటీ ఓవర్‌పాస్ మ్యాప్‌ను 16-6తో, న్యూక్ మ్యాప్‌ను 16-13తో గెలిచింది. నాకౌట్ దశ మొత్తంలో ఒక్క మ్యాప్ కూడా కోల్పోలేదు. టోర్నీ ఉత్తమ ఆటగాడు జైవూ. డుప్రీకి అది ఐదో మేజర్, అంతకు ముందు ఎవరూ అన్ని గెలవలేదు. 2015లో క్లుజ్‌లో కప్పు ఎత్తిన అపెక్స్ ఏడున్నరేళ్ల తర్వాత సొంత దేశంలో, తన నాయకత్వంలో మళ్లీ కప్పు ఎత్తాడు.

ఆ హాలులో ఇద్దరు ఫ్రెంచ్, ఇద్దరు డేనిష్, ఒక ఇజ్రాయెలీ ఆటగాడి కోసం జనమంతా ఒకే గొంతుతో అరిచారు. మీరు అడిగిన ప్రశ్న ఆ సాయంత్రం అక్కడ ఎవరి మనసులోనూ లేదు.

తర్వాత ఏమైంది. ఆ వేసవి ముగియకముందే డుప్రీని మార్చి ఫ్లేమ్‌జీని తీసుకున్నారు. శరదృతువులో మాజిస్క్ స్థానంలో బ్రిటన్‌కు చెందిన మెజీ వచ్చాడు. జోనిక్ కూడా వెళ్లిపోగా, తొలినాళ్ల ఫ్రెంచ్ కోచ్ ఎక్స్‌టీక్యూ తిరిగి వచ్చాడు. మేజర్ గెలిచిన జట్టును ఇంత త్వరగా విడదీస్తారా అని నాకు అప్పట్లో కోపం వచ్చింది. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ నిర్ణయాలు సరైనవే. కానీ ఐదు మేజర్ల ఆటగాడిని గెలిచిన కొద్ది వారాలకే పక్కన పెట్టడం కఠినమైన పనేనని ఇప్పటికీ అనుకుంటాను. 2024లో జర్మనీలోని కొలోన్‌లో జరిగిన టోర్నీ గెలిచారు. 2025 జనవరిలో స్పింక్స్ స్థానంలో ఎస్టోనియాకు చెందిన రోప్జ్ వచ్చాడు. అక్కడి నుంచి మీరు చూస్తున్న జట్టు మొదలైంది: కటోవిట్సె టోర్నీ నుంచి జూన్‌లో ఆస్టిన్ మేజర్ వరకు వరుసగా ఏడు టోర్నీలు గెలిచారు. డిసెంబరులో బుడాపెస్ట్ మేజర్ కూడా వాళ్లదే.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. 2018 నుంచి ఇప్పటివరకు ఈ జట్టులో ముగ్గురు స్థానాలు ఎన్నోసార్లు మారాయి, కోచ్ మారాడు, భాష మారింది. అపెక్స్, జైవూ మారలేదు. అపెక్స్ 2022లో తిట్లు తింటున్నప్పుడు అతన్ని తీసేయడం తేలికైన పని. జైవూ కోసం ఎవరెంత ఇవ్వడానికైనా సిద్ధంగా ఉన్న రోజుల్లో అతన్ని నిలుపుకోవడం కష్టమైన పని. క్లబ్బు తేలికైన పని చేయలేదు, కష్టమైన పని చేసింది. నన్ను అడిగితే ఈ చరిత్రలో గెలుపులన్నిటికీ మూలం అదే.

రాకెట్ లీగ్‌ను మరిచిపోవద్దు. తెలుగు ప్రేక్షకులు ఈ ఆటను తక్కువగా చూస్తారు, కానీ వైటాలిటీ తొలి ప్రపంచ కిరీటం వచ్చింది ఇందులోనే. కార్లతో ఫుట్‌బాల్ ఆడే ఆటలో కార్ల కంపెనీ పేరు పెట్టుకుని, రెనో వైటాలిటీగా, 2019 జూన్‌లో అమెరికాలోని న్యూవార్క్‌లో ఏడో సీజన్ ప్రపంచ పోటీ గెలిచింది. ఆ ముగ్గురిలో కేడాప్, ఫెయిరీ పీక్ ఫ్రెంచ్ వారు, స్క్రబ్ కిల్లా స్కాట్లాండ్ కుర్రాడు. అంటే పరాయి దేశపు ఆటగాడితో కలిసి గెలవడం వైటాలిటీకి 2022లో మొదలైన అలవాటు కాదు. మళ్లీ 2023 ఆగస్టులో జర్మనీలోని డ్యుసెల్డార్ఫ్‌లో పదహారేళ్ల జెన్‌తో రెండో ప్రపంచ కిరీటం గెలిచింది. పారిస్ మేజర్ గెలిచి అప్పటికి మూడు నెలలే.

మిగతా ఫ్రెంచ్ జట్లతో పోలిక కూడా మీరు అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. స్ట్రీమర్ కమేటో 2020లో మొదలుపెట్టిన కార్మిన్ కార్ప్‌కు హాలులో కూర్చుని పాటలు పాడే అభిమానుల బలం వైటాలిటీ కంటే ఎక్కువ. 2024లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ యూరప్ లీగ్‌లోకి వచ్చి, 2025 శీతాకాల సీజన్‌ను జీ2 మీద గెలిచింది. 2023లో గొటాగా, స్క్వీజీ, బ్రాక్స్ కలిసి జెంటిల్ మేట్స్ స్థాపించారు. ఈ రెండూ స్ట్రీమర్ల చుట్టూ పుట్టిన క్లబ్బులు. వైటాలిటీ మాత్రం కంపెనీలా నడిచే క్లబ్బు. ఫ్రాన్స్‌లో కుర్రాళ్లను మీ జట్టు ఏది అని అడిగితే కార్మిన్ అనేవారే నాకు ఎక్కువగా తగులుతారు. ఏ జట్టులో ఆడాలని ఉంది అని అడిగితే మాత్రం వైటాలిటీ అంటారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇంగ్లీషుకు మారడమే విజయ రహస్యం అని నా మాటలను అర్థం చేసుకోవద్దు. 2021లో నేను నడిపిన ఆ మిశ్రమ జట్టు ఏడాది తిరగకముందే విడిపోయింది. మా ఆటగాళ్లకు వైటాలిటీలా ఒక జోనిక్ గానీ, రోజంతా కలిసి సాధన చేసే చోటు గానీ, ఓడిన సంవత్సరాన్ని భరించే జీతం గానీ లేవు. భాష మారాక ఒక ఏడాది ఓడిపోగల స్తోమత ఉన్న క్లబ్బుకే ఆ దారి కుదురుతుంది. చిన్న జట్లకు నేను ఇప్పటికీ ఒకే భాష మాట్లాడేవారితో మొదలుపెట్టమనే చెబుతాను.

ఈ చరిత్రను మ్యాచ్‌ల ద్వారా తెలుసుకోవాలనుకుంటే మూడు చూడండి. మొదటిది 2019 డిసెంబరు ఎపిసెంటర్ ఫైనల్, ఫ్రెంచ్ మాట్లాడిన వైటాలిటీ ఉత్తమ రూపం అందులో కనిపిస్తుంది. రెండోది పారిస్ ఫైనల్‌లోని న్యూక్ మ్యాప్. మూడోది మంగోల్జ్ జట్టు మీద 2025 ఆస్టిన్ మేజర్ ఫైనల్. మూడింటిలోనూ జైవూ తుపాకీని కాకుండా, మిగతా నలుగురు ఎక్కడ నిలబడి అతనికి చోటు చేస్తున్నారో గమనించండి. ఆటగాళ్ల మాటలు వినిపించే వీడియోలు దొరికితే వాటిలో అపెక్స్ గొంతు వినండి. వ్యూహం ఇంగ్లీషులో చెబుతూ ఉంటాడు, రౌండు గెలిచిన క్షణంలో మాత్రం ఫ్రెంచ్‌లో అరుస్తాడు.